పానం తీపి

పోయిన వారం మనం రెబెకాను కాలేజీ రెండో అంతస్తులో, కమ్యూనిటీ మెడిసిన్ వాళ్ళ గదిలో, నూట నలభై మూడు ఫారాల కట్ట ముందు కూచోబెట్టి వచ్చేశాం. మనకు వారం గడిచింది. ఆ పిల్లకు మాత్రం అయిదు నిమిషాలే గడిచాయి. కట్ట నుంచి తీసిన రబ్బరు బ్యాండు ఇంకా ఆమె వేలికే ఉంది.

మరిచిపోయిన వాళ్ళ కోసం నాలుగు ముక్కలు. మోస్రా ఊరి పిల్లవాడు అరుణ్ పెథాలజీ ప్రాక్టికల్ పరీక్ష మధ్యలో లేచాడు. తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, ఎవరితోనూ ఒక్క మాట అనకుండా గేటు దాటి వెళ్ళిపోయాడు. ఇది జరిగి రెండు నెలలు. ఇంట్లో గోడవైపు తిరిగి పడుకుంటున్నాడట, మాటా లేదు పలుకూ లేదట. అప్పటికి గానీ కాలేజీ పెద్దలకు పిల్లలు ఎలా బతుకుతున్నారో కనుక్కుందామన్న బుద్ధి పుట్టలేదు. కామేశ్వరి మేడమ్‌కు సర్వే పని అప్పజెప్పారు. ఇంగ్లీషులో ఇరవై ఆరు ప్రశ్నలు, ఒక్కోదానికి ఒకటి నుంచి ఐదు దాకా అంకెకు సున్నా చుట్టాలి. ఆఖరున ఒక ఖాళీ పేజీ: "మిమ్మల్ని ఇబ్బంది పెడుతున్నది ఏమిటి? మీకు నచ్చిన భాషలో రాయండి."

పేరు రాయనక్కర్లేదన్నారు. ఎవరు నమ్ముతారు? అప్పుడు మన రెబెకాయే బెంచీ బెంచీకీ తిరిగి, "పేర్లుండయ్, బైబిల్ మీద ఒట్టు" అని అందరినీ ఒప్పించింది. ఒట్టు పెట్టడం వాళ్ళింట్లో అసలు కుదరని పని. బోధన్ శివార్లలో ఉండే వాళ్ళవ్వ (అక్కడ అమ్మను అవ్వ అంటారు) జ్ఞానమ్మకు తెలిస్తే వీపు విమానం మోత మోగి ఉండేది.

ఆ సర్వే ఫలితమూ వచ్చేసింది. పిల్లల బాధల్లోకెల్లా పెద్ద బాధ తాగే నీళ్ళు అని తేలింది. అందుకే ఇవాళ మధ్యాహ్నం పన్నెండింటికి హాస్టల్ ముందు కొత్త ఫిల్టర్ ప్లాంటు ప్రారంభం. షామియానా వేశారు, రిబ్బను కట్టారు, మైకులో ఎవరో పొద్దుటి నుంచీ "హలో, మైక్ టెస్టింగ్" అంటూ చెవులకు తూట్లు పొడుస్తున్నారు. మొదటి గ్లాసు నీళ్ళు తాగే గౌరవం కాలేజీ టాపర్ స్నేహలతది. ఏర్గట్ల పసుపు రైతుల బిడ్డ, రెబెకాకు మూడేళ్ళుగా రూమ్మేటు. ఎవరికి ఏ నోట్సు కావాలన్నా ఆ పిల్ల మంచం దగ్గరికే పోవాలి. కాదనదు, విసుక్కోదు, నవ్వుతూనే ఇస్తుంది.

మేడమ్ ఈ సర్వేను హైదరాబాదులో ఏదో సదస్సులో చదవబోతున్నారు. "ఫంక్షన్ లోపు ఒకసారి మొత్తాలు సరిచూసి పెట్టమ్మా" అని పొద్దున్నే రెబెకాకు గది తాళం చెవి ఇచ్చి వెళ్ళారు. ఇదీ సంగతి. ఇక పదండి ఆ గదిలోకి.

రెబెకా మొదటి ఫారం తీసింది. అంకెలు ఎలాగూ కంప్యూటర్లో ఉన్నాయి. ఆమె చూడాల్సింది ఆఖరి పేజీలు.

"ఒక్క పేజి ఇంగ్లీషు సదవాలంటె గంట వడుతుంది. నేను పది దాంక తెలుగు మీడియం. ఎవ్వరికి చెప్పుకోవాలె?" దాని పక్కన ఎర్ర పెన్నుతో "భా" అని రాసి ఉంది. భాష అన్నమాట. మేడమ్ గుర్తు.

"వైవాల సారు నా ఇంగ్లీషు ఇని అందరి ముంగట నవ్విండు." దానికీ "భా".

"మెస్సుల పప్పుల పప్పు లేదు." దీనికి "తిం". రెబెకాకు నవ్వొచ్చింది. ఇది నరేందర్ గాడు రాసి ఉంటాడు, వాడికి తిండి తప్ప ఇంకో బాధ లేదు.

"ఇంటికి ఫోన్ జేస్తె మంచిగనే ఉన్న అని చెప్పుడు అలవాటైంది. అవ్వ గొంతు ఇంటె ఏడుపొస్తది. గందుకే ఫోన్ జేస్తలేను." దీనికి "ఇం". ఇల్లు.

ఆ నవ్వు కాస్తా పోయింది. అవును మరి, తను మాత్రం ఎన్నిసార్లు చెప్పలేదు అవ్వకు, మంచిగనే ఉన్న అని!

తర్వాతి ఫారం. "పొద్దుగాల లేస్తే పానం మంచిగుంటలేదు." పక్కన ఎర్రగా "నీ".

నీ అంటే ఏంటి? నీరసమా? అయి ఉంటుంది. ఇంకోటి తిప్పింది. "పరీక్షలని తెలిస్తే సాలు, పానం గుంజుతది." దానికీ "నీ". ఇంకోటి. "పానం ఎట్లనో అయితుంది, క్లాసుల కూసుంటలేను." "నీ". "నెల సంది పానం మంచిగ లేదు." "నీ". చూస్తూ చూస్తూ పోతే ఇదే మాట, ఒక్కొక్కరు ఒక్కో తీరుగా. రెబెకా వేళ్ళు వేగంగా తిరిగాయి. పక్కన మేడమ్ తయారుచేసిన పట్టిక ఉంది. అందులో ఏ అక్షరానికి ఏ కారణమో రాసిపెట్టారు. వేలు పెట్టి వెతికింది.

"నీ: తాగునీరు బాగాలేకపోవడం. ముప్పై ఎనిమిది మంది."

రెబెకాకు ముందు అర్థం కాలేదు. మళ్ళీ చదివింది. అర్థమయ్యాక, చెప్పడానికి సిగ్గుగా ఉంది గానీ, నవ్వింది. పకపకా నవ్వింది. ఖాళీ గదిలో తన నవ్వు తనకే వినిపించేసరికి ఠక్కున ఆగిపోయింది. కిటికీలోంచి కింద షామియానా కనిపిస్తోంది. మధ్యలో తళతళలాడే స్టీలు ట్యాంకు, దానికి బంతిపూల దండ. ఎంత ఘోరం! ముప్పై ఎనిమిది మంది పిల్లలు బతకలేకపోతున్నాం మొర్రో అని రాసిస్తే, కాలేజీ వాళ్ళకు కుళాయి పెట్టింది.

సరిగ్గా అప్పుడే తలుపు తోసుకుని కామేశ్వరి మేడమ్ వచ్చారు. పట్టుచీర కట్టారు, తల్లో కనకాంబరాలు. మనిషి మంచిదే. కాకినాడ వైపు నుంచి ఈ కాలేజీకి వచ్చి నాలుగు నెలలైంది. పిల్లల్ని "అమ్మాయ్" అంటూ దగ్గరికి తీస్తారు. కాకపోతే తెలుగు విషయంలో మాత్రం ఆవిడకు కాస్త అతిశయం.

"ఏంటమ్మాయ్, సరిపోయాయా మొత్తాలు? కిందికి పద, ప్రిన్సిపాల్‌గారు వచ్చేస్తున్నారు."

"మేడమ్, ఒక్క మాట. ఈ 'నీ' అని పెట్టిండ్రు కదా, ఇది నీళ్ళా?"

"అవును. ఎంతమంది రాశారో చూశావా? నాకే ఆశ్చర్యమేసింది. ఈ ఊళ్ళో నీళ్ళు అంత బాగుండవా అని, ట్యాంకు నీళ్ళు పరీక్షకు కూడా పంపించాను."

"నీళ్ళ గురించి ఎవ్వరు రాయలేదు మేడమ్."

"అదేంటి? పానం బాగాలేదు, పానం బాగాలేదు అని అంతమంది మొత్తుకుంటేనూ?"

"పానం అంటె నీళ్ళు గాదు మేడమ్."

మేడమ్ నవ్వారు. చిన్నపిల్ల తెలియక మాట్లాడితే నవ్వే నవ్వు. "నాకు తెలుగు నేర్పుతావా అమ్మాయ్? పానం అంటే తాగేది. పానీయం, పానకం, మద్యపానం. మా తాతగారు సంస్కృతం మాస్టారు తెలుసా? మీ వాళ్ళు కాస్త పుస్తకాల మాట వాడారు, ముచ్చటేసింది కూడాను."

రెబెకాకు ఎక్కడలేని ఉక్రోషం వచ్చింది. గొంతు దానంతటదే పెరిగింది. "పుస్తకాల మాట గాదు మేడమ్! మా ఇండ్లల్ల మాట. పానం అంటె ప్రాణం. మా దిక్కు గట్లనే అంటరు. పానం మంచిగ లేదంటె నాకు బాగలేదు, నేను మంచిగ లేను అని. పెయ్యి అంటె ఒళ్ళు, అది కాలి జరమొచ్చినా గదే మాట, మనసు మంచిగ లేకున్నా గదే మాట. ముప్పై ఎనిమిది మంది మేడమ్! నేను మంచిగ లేను, నేను మంచిగ లేను అని మొత్తుకుంటే మీరు ఫిల్టర్ పెట్టిచ్చిండ్రు!"

కింద మైకు మళ్ళీ "హలో హలో" అంది.

కామేశ్వరి మేడమ్ ముఖంలో నవ్వు ఇంకా పూర్తిగా పోలేదు. ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అలాగే ఉండిపోయింది. ఆవిడ చేయి చాచి ఒక ఫారం తీసుకున్నారు. పెదవులు కదుపుతూ చదివారు. ఇంకోటి తీసుకున్నారు. మూడోది చదువుతూ కుర్చీలో కూలబడ్డారు.

"పానం గుంజుతది..." అన్నారు మెల్లగా. "నేను... మోటారు నీళ్ళు గుంజడం లేదేమో అనుకున్నాను."

చదివే మీకు నవ్వొస్తే నవ్వండి, తప్పు లేదు. రెబెకాకు మాత్రం ఏడుపొచ్చింది.

"నువ్వు ముందే ఎందుకు చెప్పలేదమ్మా?" అన్నారు మేడమ్. అడిగాక ఆ ప్రశ్న ఎంత అన్యాయమో ఆవిడకే తెలిసింది. ఫారాలు ఎవరికీ చూపించకుండా బీరువాలో పెట్టి తాళం వేసింది తనే కదా. ఒంటిచేత్తో చదివి, ఒంటిచేత్తో ఎర్ర అక్షరాలు వేసింది తనే కదా. "పల్లెల్లో క్లినిక్‌కి పోయినప్పుడు ముసలమ్మలు అనేవారు ఈ మాట. నర్సు మధ్యలో ఉండి ఒంట్లో బాగాలేదట అని చెప్పేది. ఆ మాట ఇక్కడ చదివితే తట్టనే లేదు నాకు. రాసిపెట్టి ఉంటే మా భాషే కదా అనుకున్నాను."

రెబెకా "నీ" అని ఉన్న ఫారాలన్నీ ఏరి పక్కన పెడుతోంది. ముప్పై ఆరు, ముప్పై ఏడు. ఒక ఫారం దగ్గర ఆగిపోయింది.

దాని మీద ఎక్కువ రాయలేదు. గుండ్రటి అక్షరాలు, తొందర లేకుండా, గీత గీసినట్టు తిన్నగా.

"ఈ నడుమ పానం తీపి లేకుంటైంది. ఎవ్వలకు చెప్పబుద్ధి అయితలేదు. కోపం లేదు ఎవ్వల మీద."

పక్కన "నీ". దాని కింద, ప్రత్యేకంగా, ఎర్రగా గీత గీసి మేడమ్ రాసుకున్న మాట: "నీళ్ళు ఉప్పగా ఉన్నాయి."

రెబెకా ఆ కాగితాన్ని మేడమ్ ముందు పెట్టింది. వేలితో చూపించింది. ఈసారి అర్థం చెప్పాల్సిన అవసరం రాలేదు. ప్రాణం తీపి అన్న మాట కాకినాడలోనూ ఉంది. మేడమ్ చేయి గబుక్కున నోటికి అడ్డం పోయింది.

"అయ్యయ్యో... అయ్యయ్యో..." అన్నారు ఆవిడ. "ఎప్పుడు రాశారిది? సర్వే జరిగి..."

"మూడు వారాలైంది మేడమ్."

మూడు వారాలు! ఒక మనిషి బతుకు మీద ఆశ లేదని రాసి చేతిలో పెట్టి మూడు వారాలైంది. ఆ మూడు వారాలూ ఈ కాలేజీ వాళ్ళు ట్యాంకుకు ఏ రంగు వేయాలా అని ఆలోచించారు. ఎవరు ఆ మనిషి? రోజూ క్లాసులో పక్కనే కూచుంటున్నారా? మెస్సులో పళ్ళెం పట్టుకుని ముందే నిలబడుతున్నారా? రెబెకా ఒక్కొక్క ముఖాన్నీ గుర్తుచేసుకుంది. రజిని ఎప్పుడూ దిగులుగానే ఉంటుంది. అనిల్‌కుమార్ క్లాసులకు రావడమే మానేశాడు. వీళ్ళిద్దరిలో ఒకరా?

"పేర్లు లేవు కదా మేడమ్. ఎట్ల దొరకవట్టాలె?"

కామేశ్వరి మేడమ్ కళ్ళు దించుకున్నారు. చీర కొంగు వేలికి చుట్టుకున్నారు, విప్పారు. లేచి వెళ్ళి బీరువా తాళం తీశారు.

"ఫారం కింద మూలన అంకె ఉంటుంది చూడు."

నిజమే. అడుగున ఎడమ మూల, చీమంత అంకె. యాభై ఏడు.

"ఆ రోజు హాజరు కాగితం తిప్పాను. సంతకం పెట్టిన వరసలోనే ఫారాలు పంచాను. యాభై ఏడో ఫారం అంటే యాభై ఏడో సంతకం."

రెబెకాకు చెంప మీద కొట్టినట్టయింది. "పేర్లుండయ్ అన్నరు కద మేడమ్! నాతోని చెప్పిచ్చిండ్రు కద! బైబిల్ మీద ఒట్టు వెట్టిన నేను!"

"ఎవరైనా మరీ ప్రమాదంలో ఉంటే కనుక్కోడానికి పనికొస్తుందని దాచానమ్మా. అంతకు మించి ఇంకేం లేదు, నిజం."

"మరి ఉన్నరు కద ప్రమాదంల! మీరు ఉప్పు నీళ్ళని రాసిండ్రు!"

మేడమ్ తల దించుకున్నారు. యాభై ఏళ్ళ మనిషి, ఇరవై రెండేళ్ళ పిల్ల ముందు. రెబెకాకు అప్పుడే అనిపించింది, అనవలసింది అన్నాను గానీ ఇప్పుడు నేనేం చేయాలి? ఆ కాగితం తెరిస్తే తన మాట పోతుంది. రేపు క్లాసులో ఎవరి ముఖమూ చూడలేకపోతుంది. తెరవకపోతే మనిషే పోవచ్చు. అవ్వ అయితే ఏం చేసేది? అవ్వకు ఇన్ని ఆలోచనలుండవు. మనిషి ముందు, తర్వాతే అన్నీ అంటుంది.

"తెరువుండ్రి మేడమ్" అంది.

హాజరు కాగితం రెండు మడతల్లో ఉంది. మేడమ్ కళ్ళద్దాలు సరిచేసుకుని వేలు కిందికి జరుపుకుంటూ పోయారు. యాభై నాలుగు, యాభై ఐదు, యాభై ఆరు. వేలు ఆగింది. ఆవిడ తల ఎత్తలేదు. ఎత్తినప్పుడు ఆ ముఖంలో రక్తం చుక్క లేదు. రెబెకాను అలా చూస్తూనే ఉన్నారు. తర్వాత, ముందుకు వంగి, రెబెకా రెండు చేతులూ పట్టుకున్నారు.

"నువ్వేనా తల్లీ?"

"ఏంది మేడమ్?"

"యాభై ఏడు నీ సంతకమే."

రెబెకా కాగితం లాక్కుని చూసింది. తన సంతకమే. ఆర్ అక్షరానికి తను వేసే వంకర తోక కూడా ఉంది. కానీ ఆ అక్షరాలు తనవి కావు. ఆ మాట తను రాయలేదు. నేను కాదు మేడమ్ అని చెప్పబోయింది. చెప్పబోతూ ఆగిపోయింది. ఆ రోజు మధ్యాహ్నం లెక్చర్ హాల్లో మూడో బెంచీ గుర్తొచ్చింది. పక్కన కూచున్న మనిషి మోచేత్తో పొడవడం గుర్తొచ్చింది.

"రెబెకా, నా దాంట్ల ఆఖరి పేజి లేదే. పిన్ను ఊడినట్టుంది. నీది ఇయ్యవా? నువ్వెట్లాగు రాసేది లేదు కద."

అప్పుడు తను నవ్వింది. నవ్వుతూ తన ఫారం అటు తోసి, ఆ ఫారం ఇటు లాక్కుని ఏమంది? "నీకేం బాధలున్నయే రాసెటందుకు? టాపర్‌వి!" అంది.

అవతలి మనిషి కూడా నవ్వింది.

రెబెకా కట్ట తిరగేసింది. యాభై ఎనిమిది. ఉంది. అంకెలకు సున్నాలు చుట్టింది తనే. ఆఖరి పేజీ లేదు.

"స్నేహ, మేడమ్" అంది. "మా స్నేహలత."

"ఎవరు, టాపరా? ఆ అమ్మాయా? ఎప్పుడూ నవ్వుతూ..." మేడమ్ మాట అక్కడే తెగింది.

మూడేళ్ళు ఒకే గదిలో ఉన్నారు ఇద్దరూ. ఒకే బకెట్టు, ఒకే కొబ్బరినూనె సీసా. స్నేహలత ఇంగ్లీషు రాత కళ్ళు మూసుకుని గుర్తుపట్టగలదు రెబెకా, నోట్సులన్నీ అవే. తెలుగు రాత మాత్రం ఎలా ఉంటుందో ఒక్కనాడూ చూడలేదు. స్నేహలత తెలుగులో రాసుకోవలసినవి ఏమైనా ఉంటాయని కూడా ఆమెకు తోచలేదు.

ఇంకోటి గుర్తొచ్చింది. ఇది గుర్తు రాకపోయినా బాగుండేది. ఇవాళ పొద్దున స్నేహలత లేవలేదు. గోడవైపు తిరిగి పడుకుని ఉంది. "లేవే, ఇయ్యాల నీళ్ళు తాగే రాణివి నువ్వు" అని రెబెకా వేళాకోళం చేస్తే, అటు తిరిగే అంది:

"పానం మంచిగ లేదే. నువ్వు పో."

ఏం చేసింది రెబెకా? నుదుటి మీద చెయ్యి పెట్టి చూసింది. "జరం లేదు. గోలి ఏసుకో, నీళ్ళు మంచిగ తాగు, తయారు గా" అంది. మాత్ర, గ్లాసు నీళ్ళు తలాపున పెట్టి వచ్చేసింది. కాకినాడ మేడమ్‌కు తెలుగు రాదని ఇందాక అంతలేసి మాటలన్నదే, ఆ మాట పుట్టిన ఇంట్లో పుట్టిన తను మాత్రం ఏం విన్నది? మేడమ్ నీళ్ళు అనుకున్నారు, తను జ్వరం అనుకుంది. ఇద్దరికీ తేడా ఏముంది?

రెబెకా పరుగు తీసింది. ఎవరికీ చెప్పలేదు, చెప్పులు కూడా సరిగా తొడుక్కోలేదు. వెనక మేడమ్, పట్టుచీర కుచ్చిళ్ళు ఒక చేత్తో ఎత్తి పట్టుకుని, ఇంకో చేత్తో ఆ ముప్పై ఎనిమిది ఫారాలూ గుండెకు హత్తుకుని, మెట్లన్నీ దడదడా దిగారు. షామియానా కింద వాళ్ళంతా తలలు తిప్పి చూశారు. ఎవరో "మేడమ్, ఇటు ఇటు!" అని పిలిచారు. ఆవిడ ఆగలేదు.

హాస్టల్ గేటు దగ్గర వాచ్‌మన్ భూమన్న స్టూలు మీద కూచుని ఉన్నాడు.

"భూమన్నా, మా స్నేహ ఉన్నదా లోపట?"

"స్నేహమ్మనా? పొద్దుగాల్నే పాయె గద బిడ్డా. తొమ్మిది గొట్టంగ. బస్టాండుకు ఆటో నేనే మాట్లాడిచ్చిన. ఇంటికా బిడ్డా అంటె నవ్వింది."

"ఆర్మూర్ దిక్కా?" ఏర్గట్ల పోవాలంటే అటే పోవాలి.

"కాదు. బోధన్ బస్సు దొరుకుతదా అని అడిగింది."

బోధన్‌లో స్నేహలతకు ఎవరున్నారు? రెబెకా మెట్లెక్కి గది తలుపు తోసింది. తాళం లేదు. గది ఎన్నడూ లేనంత శుభ్రంగా ఉంది. మాత్ర పెట్టినచోటే ఉంది, గ్లాసులో నీళ్ళు అంచు దాకా ఉన్నాయి. స్నేహలత మంచం మీద నోట్సులన్నీ దొంతర్లుగా పేర్చి ఉన్నాయి. ఒక్కో దొంతర మీద ఒక్కో చీటీ. "ఫార్మకాలజీ: రజినికి." "మైక్రో: అనిల్‌కు." "పెథాలజీ: అరుణ్ వస్తే ఇయ్యుండ్రి." తలగడ మీద ఉన్నది మాత్రం పుస్తకం కాదు. స్నేహలత స్టెతస్కోపు. దాని చీటీ మీద పేరు రెబెకాది.

గుమ్మంలో నిలబడ్డ మేడమ్ అదంతా చూసి తలుపు పట్టుకున్నారు. ఆవిడ డాక్టరు. ఉన్నవన్నీ పంచిపెట్టి వెళ్ళడమంటే ఏమిటో ఆవిడకు ఎవరూ చెప్పక్కర్లేదు.

స్నేహలతకు ఫోన్ చేద్దామని రెబెకా జేబులోంచి ఫోన్ తీసింది. సైలెంటులో ఉంది. నాలుగు మిస్డ్ కాల్స్. నాలుగూ అవ్వవే. పది నిమిషాల కిందటివి. జ్ఞానమ్మ వారానికి ఒక్కసారి ఆదివారం చర్చి అయ్యాక తప్ప ఫోన్ చేసే మనిషి కాదు. రెబెకా అవ్వకే ఫోన్ కలిపి, స్పీకర్ పెట్టింది.

"ఏమే బిడ్డా, ఎన్నిసార్ల జేసిన! ఎత్తవేంది?"

"అవ్వా, స్నేహ..."

"గదే సెప్తున్న. నీ దోస్తు అచ్చింది. మీ రూముల ఉండే పిల్ల. పోయిన క్రిస్మస్‌కు అచ్చె గద, మన ఇల్లు యాదుంచుకొని సక్కగ అచ్చింది."

దేవా! రెబెకా మంచం అంచున కూచుండిపోయింది. బతికి ఉంది. అవ్వ దగ్గర ఉంది. మేడమ్ కళ్ళు మూసుకుని గట్టిగా ఊపిరి వదిలారు.

"అవ్వా, జర దానికి ఫోన్ ఇయ్యి."

"ఇంట్ల లేదు బిడ్డా. రెండు ముద్దలు తిన్నది. మీ బాపు ఏడ వాయె అని అడిగింది, చెరుకు నరికిపియ్య పోయిండని సెప్పిన. నా చెయ్యి వట్టుకొని, అవ్వా మా రెబెకను మంచిగ సూసుకో అన్నది. గదేందే గట్లంటది? గందుకే నీకు ఫోన్ జేసిన. ఇప్పుడే కాలువ గట్టు దిక్కు నడిసొస్తనని బయిటికి పాయె."

"అవ్వా!" అని అరిచింది రెబెకా. హాస్టల్ అంతా వినిపించేలా అరిచింది. "ఎంట వో! ఉరుకు! దాని చెయ్యి వట్టుకో! ఒక్కదాన్ని ఇడువకు!"

అవతల జ్ఞానమ్మ ఎందుకని అడగలేదు. ఫోన్ పెట్టేయడం కూడా చేయలేదు. చేతిలో ఫోన్ అలాగే పట్టుకుని మనిషి కదిలిన చప్పుడు. రబ్బరు చెప్పుల టపటప. ఆయాసం. చెరుకాకుల గరగర. "బిడ్డా! ఓ బిడ్డా! ఆగు!" అని గొంతు. మళ్ళీ చెప్పుల చప్పుడు. రెబెకా ఫోన్‌ను రెండు చేతులతో పట్టుకుంది. "యేసయ్యా, యేసయ్యా" అంటోంది, తను అంటున్నట్టు తనకే తెలియదు.

కిందినుంచి మైకు గణగణలాడింది. "ఇప్పుడు మన కొత్త ప్లాంటు మొదటి గ్లాసు నీళ్ళు తాగడానికి, మన కాలేజీ గర్వకారణం, కుమారి స్నేహలతను వేదిక మీదికి ఆహ్వానిస్తున్నాం!" చప్పట్లు. కాసేపాగి మళ్ళీ, "స్నేహలత ఎక్కడున్నా రావాలి." మళ్ళీ చప్పట్లు.

ఫోన్‌లో టపటప ఆగింది.

ఆయాసపడుతున్న జ్ఞానమ్మ గొంతు, "దొరికినవ్ గద తల్లీ. ఇటు రా. గట్టు దిగు ముందుగాల. ఇగో, చెయ్యి ఇయ్యి నాకు." గాజుల చప్పుడు. తర్వాత కొంచెం దూరంగా, స్నేహలత గొంతు. నవ్వు లేని ఆ గొంతు రెబెకా ఎన్నడూ వినలేదు.

"పానం మంచిగ లేదవ్వా."

జ్ఞానమ్మ ఆ పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టి చూసిందో లేదో తెలియదు. గోలి మాట ఎత్తలేదు, నీళ్ళ మాట ఎత్తలేదు. ఏడో తరగతి దాటని ఆ మనిషి, కాలేజీ కాలేజీ అంతా కలిసి మూడు వారాల్లో అడగని మాట అడిగింది.

"ఏ పానం బిడ్డా? పెయ్యిదా, లోపటిదా?"

చెరుకాకులు గరగరమన్నాయి. ముందు వెక్కిళ్ళు వినిపించాయి. కట్ట తెగినట్టు ఏడుపు. ఆ ఏడుపు మధ్యలోంచి మాట.

"లోపటిది అవ్వా. నాదొక్కదానిదే గాదు."

రెబెకా తలెత్తి చూసింది. గుమ్మంలో కామేశ్వరి మేడమ్ చేతిలో, స్నేహలతది పోను, ఇంకా ముప్పై ఏడు ఫారాలున్నాయి.